కార్తీకమాసంలో క్యోటో: కోడలు కానుకగా ఇచ్చిన ఒక రోజు

ఈ వారం ఉత్తరం ఒసాకా నుంచి వచ్చింది. రాసినవారు గోదావరి జిల్లాకు చెందిన 64 ఏళ్ల విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని. ఆమె భర్తకు ఈ ఏడాది డెబ్భై నిండాయి. భీమరథ శాంతి చేయించుకోవాలని అనుకున్నా కొడుకుకీ కోడలికీ సెలవులు కుదరలేదు. చివరికి కొడుకే తల్లిదండ్రులిద్దరినీ రెండు నెలల కోసం జపాన్ రప్పించుకున్నాడు. మామగారి డెబ్భై ఏళ్ల సందర్భం ఊరికే పోకూడదని కోడలు స్వయంగా వెతికి, తన జీతంలోంచి డబ్బు కట్టి, క్యోటో నగరంలో ఒక రోజంతా గైడుతో తిరిగే ఏర్పాటు చేసింది. ఉదయం తొమ్మిదింటికి ఫుషిమి ఇనారి ఆలయం, తరువాత నిషికి బజారులో తినుబండారాల రుచులు, మధ్యాహ్నం కైసెకి అనే జపాను సంప్రదాయ విందు, ఆ పైన కియోమిజు ఆలయం, సంధ్యవేళకు గియోన్ వీధులు. ఇదీ ఆ రోజు వరస.

ఆవిడ పుట్టుకతో శాకాహారి. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. మోకాళ్ల నొప్పి ఉంది. భర్తకు మధుమేహం ఉన్నా, ఉద్యోగం చేసే రోజుల నుంచి బయట చేపలూ మాంసమూ తినే అలవాటు ఉంది కనుక, ఆయన ఈ రోజు కోసం చిన్నపిల్లవాడిలా ఎదురుచూస్తున్నారు. ఒక రాత్రి కొడుకు భార్యతో "చూస్తూ ఉండు, అమ్మ పులిహోర డబ్బా పట్టుకునే వస్తుంది" అని నవ్వడం ఈవిడ చెవిన పడింది. ఆ మాటతో ఆమె ముడుచుకుపోయారు. కోడలికి ఇంతవరకు ఏమీ చెప్పలేదు. తేదీని రెండు వారాల ముందు వరకు మార్చుకునే వీలుందట. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోవడం మర్యాదేనా? గైడుకు తన భోజనం సంగతి చెప్పమంటే, అంత ముచ్చటగా చేసిన కోడలు నొచ్చుకుంటుందా? లేక తేదీని ఒక కార్తీక సోమవారానికి మార్పించి, ఉపవాసమని చెప్పి, ఏమీ తినకుండా అందరితో తిరిగి రావడం మేలా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అది భోజనం గురించిన ఉత్తరంలా కనిపించింది. రెండోసారి చదివితే అందులో మూడు చిక్కులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయని తోచింది. ఒకటి ఏం తినాలన్నది, రెండోది ఎంత నడవగలరన్నది, మూడోది ఆ రాత్రి చెవిన పడిన మాట. మొదటి రెండింటికీ క్యోటోలో చక్కని దారులున్నాయి. మూడోదానికి దారి మీ ఇంట్లోనే ఉంది. మూడింటినీ కలిపి చూస్తున్నారు కనుకనే ఇంట్లో ఉండిపోవడం ఒక్కటే మార్గమని మీకు అనిపిస్తోంది.

భోజనం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మీ భయంలో నిజం ఉంది. జపాన్ వంటకు ప్రాణం దాషి అనే చారు. సముద్రంలో పెరిగే కొంబు అనే నాచునూ, కత్సువోబుషి అనే ఎండుచేప తురుమునూ నీళ్లలో వేసి దాన్ని తీస్తారు. ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, నెలల తరబడి ఆరబెడితే అది కర్రముక్కలా గట్టిపడుతుంది. దాన్ని బోర్లించిన చిత్రికలాంటి పెట్టె మీద రాస్తే, వడ్రంగి కొట్లో రాలే పొట్టులాగా పలచని గులాబిరంగు పొరలు వస్తాయి. వేడి పదార్థం మీద చల్లినప్పుడు ఆ పొరలు ఆవిరికి ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, ప్రాణమున్నట్టే కదులుతాయి. అలా కళ్లకు కనిపిస్తే మీరు పక్కన పెట్టేస్తారు. అసలు చిక్కు కనిపించని చోటే. మిసో అనే సోయా ముద్దతో చేసే చారులో, ఉడికించిన గుమ్మడి ముక్కల్లో, సోబా అనే నూడుల్స్ పులుసులో, వేయించిన తోఫు, అంటే సోయాపాల జున్ను, మీద పోసే రసంలో ఆ దాషి ఉంటుంది. మీరు వెళ్లబోయే ఫుషిమి ఇనారి దగ్గర అమ్మే ఇనారి సుషి చూడటానికి తోఫు సంచిలో కూరిన అన్నమే. కానీ ఆ తోఫును సాధారణంగా దాషిలోనే ఉడికిస్తారు.

ఇందులో దాపరికమేమీ లేదని మీరు ముందుగా గ్రహించాలి. మన ఇంట్లో "కూరలో ఏం వేశారు?" అని అడిగితే వంకాయలు, శెనగపిండి అని చెబుతాం గాని, పోపు పెట్టామని ఎవరైనా చెబుతామా? అక్కడి వంటవాడికి దాషి అటువంటిది. "ఇది కూరగాయలదేనా?" అని అడిగితే అతను నిజాయితీగానే అవునంటాడు. పైగా శాకాహారి అన్న మాటకు మాంసం తినని మనిషి అని మాత్రమే అర్థం చేసుకునేవారు అక్కడ చాలామంది ఉన్నారు. అందువల్ల ఆ ఒక్క మాట సరిపోదు. ఏవి తినరో విడివిడిగా రాసి ఇవ్వాలి: మాంసం, చేప, రొయ్యలాంటివి, గుడ్డు, చేపతో తీసిన దాషి, కత్సువోబుషి, ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు. దాని కిందే ఏవి తింటారో కూడా రాయాలి: అన్నం, తోఫు, కొంబు నాచు, పుట్టగొడుగులు, కూరగాయలు, గోధుమ, పాలు. తినేవాటి పట్టిక చూస్తే వంటవాడికి దారి కనిపిస్తుంది. తిననివాటి పట్టిక ఒక్కటే ఇస్తే తలుపు మూసినట్టు ఉంటుంది.

ఇది రాసే ముందు మీరు మనసులో తేల్చుకోవలసినది ఒకటుంది. మీ గీత ఎక్కడ? చేప వేయించిన నూనెలోనే వేయించిన వంకాయ తినగలరా? మీ పక్కన కూర్చుని మీ భర్త చేప తింటుంటే మీకు ముద్ద దిగుతుందా? వంటలో మిరిన్ అనే బియ్యపు తీపి సారా ఒక చెంచా పడితే మీకు అభ్యంతరమా? మఠాల వంటలో సైతం అది వాడే చోట్లున్నాయి. వీటికి సరైన జవాబు, తప్పు జవాబు అంటూ ఉండవు. కానీ జవాబు మీకే తెలియకపోతే ఆ రోజు ప్రతి పళ్లెం ముందూ మీరు ఆగిపోతారు, మీతో పాటు నలుగురూ ఆగిపోతారు.

ఇక మీరు అడిగిన మర్యాద సంగతి. నేను క్యోటోకు రెండుసార్లు వెళ్లాను. అక్కడివారి నడవడిలో నాకు అర్థమైనదేమిటంటే, ముందుగా చెప్పడం వారి దృష్టిలో గౌరవం, ఆఖరి నిమిషంలో చెప్పడం ఇబ్బంది పెట్టడం. కైసెకి అంటే ఋతువును బట్టి, వచ్చేవారి సంఖ్యను బట్టి సరుకు తెప్పించి, ఒకదాని వెంట ఒకటిగా చిన్న పాత్రల్లో వడ్డించే విందు. అటువంటి చోట కూర్చున్నాక "నాకు చేప వద్దు" అంటే, మార్చి పెట్టడానికి వారి దగ్గర వేరే చారు కూడా ఉండదు. ఎదురుగా వచ్చిన పాత్రలు ఒక్కొక్కటీ ముట్టకుండా తిరిగి వెళుతుంటే వంటవాడు బాధపడతాడు, గైడు పదేపదే తల వంచి క్షమాపణ చెబుతుంది, మీ కోడలు తలెత్తుకోలేకపోతుంది. రెండు వారాల ముందు చెప్పిన మాట అయితే ఎవరినీ నొప్పించదు. మహా అయితే ఆ భోజనశాల వారు తాము చేయలేమని మర్యాదగా చెబుతారు, మీరు వేరే చోటు చూసుకుంటారు. "నేను సర్దుకుంటానులే" అని ఊరుకోవడం మనకు మంచితనంగా అలవాటైంది. ఈ సందర్భంలో మాత్రం ఆ మౌనమే అందరినీ చిక్కులో పడేస్తుంది.

మీ ముందున్న దారులు ఇప్పుడు చూద్దాం.

నాకు అన్నిటికన్నా మనసుకు నచ్చినది ముందు చెబుతాను. మధ్యాహ్నం విందును కైసెకికి బదులు షోజిన్ ర్యోరికి మార్చమని అడగవచ్చు. అది బౌద్ధ మఠాల వంట. అందులో మాంసం, చేప, గుడ్డు ఉండవు. దాషిని కొంబుతోనూ, ఎండబెట్టిన పుట్టగొడుగులతోనూ తీస్తారు. ఇంకొక మాట వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఆ సంప్రదాయంలో ఉల్లి, వెల్లుల్లి, వాటి జాతికి చెందిన ఘాటైన ఆకులు కూడా నిషిద్ధం. మీరు రాజమండ్రిలో కార్తీకమాసపు వంటింట్లో పాటించే నియమాన్నే ఆ సన్యాసులు ఏడాది పొడుగునా పాటిస్తున్నారు. పరాయి దేశంలో మీ కోసం ప్రత్యేకంగా చేయించుకునే పథ్యం కాదది. ఆ నగరపు వారసత్వంలో అదొక ముఖ్యమైన భాగం, చూడటానికి వచ్చినవారు తప్పక రుచి చూడవలసిన భోజనం.

నగరానికి పడమటి అంచున, అరషియామాలో, తెన్ర్యూజి అనే జెన్ బౌద్ధ మఠం ఉంది. 1339లో స్థాపించారు. ముసో సొసెకి అనే సన్యాసి తీర్చిన చెరువు తోట అక్కడ ఇప్పటికీ ఉంది. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన 17 ప్రాచీన క్యోటో స్థలాల్లో అదొకటి. ఆ మఠం ఆవరణలోనే షిగెత్సు అనే భోజనశాలలో షోజిన్ భోజనం వడ్డిస్తారు. ఎర్రని లక్క పాత్రల్లో వస్తుంది. నువ్వులు మెత్తగా నూరి, కుజు దుంప పిండితో ఉడికించి, జున్నులా గడ్డకట్టించిన ముక్క ఒకటి ఉంటుంది. సోయాపాలు మరుగుతున్నప్పుడు పైన మీగడలా కట్టే పొరను నేర్పుగా ఎత్తి తీసినది యుబా. అది క్యోటో ప్రత్యేకత. గోధుమపిండిని కడిగి తీసిన జిగటతో చేసే ఫు అనే పదార్థం కూడా ఇటువంటి భోజనాల్లో తరచు కనిపిస్తుంది. చివర అన్నం, చారు, ఊరగాయ వస్తాయి. పెరుగు రాదు, కారం ఉండదు, మన నాలుకకు మొదట చప్పగా అనిపిస్తుంది. రెండు మూడు ముద్దల తరువాత ఒక్కొక్క కూరగాయకూ దాని సొంత రుచి తెలియడం మొదలవుతుంది. నవంబరు మధ్య తరువాత అక్కడి మేపుల్ చెట్లు ఎర్రబడతాయి కనుక, ఉసిరిచెట్టు లేకపోయినా మీకు వనభోజనాలు గుర్తుకు రాక మానవు.

ఈ దారికి కొన్ని పర్యవసానాలున్నాయి. అరషియామా ఒక అంచున, ఫుషిమి ఇనారి, కియోమిజు మరొక వైపున ఉన్నాయి కనుక ఒకే రోజులో అన్నీ ఇమడవు, ఇరికిస్తే మీ మోకాళ్లు భరించవు. పొద్దున్నే క్యోటో స్టేషను నుంచి రైల్లో పావుగంటలో అక్కడికి చేరి, తోట చూసి, భోజనం చేసి, మధ్యాహ్నం నగరంలోకి వచ్చి ఒక ఆలయం, ఒక బజారు చూసుకుంటే చాలు. అలా అయితే ఇనారి ఎర్ర ద్వారాలు తప్పిపోతాయని మీ కోడలికి బెంగ కలగవచ్చు. ఆ ఆలయానికి ప్రవేశ రుసుము లేదు, ఏ వేళనైనా తెరిచే ఉంటుంది, ఒసాకా నుంచి కెయ్‌హాన్ రైలు మార్గంలోనే దానికి స్టేషను ఉంది. మరొక ఆదివారం పొద్దున్న గైడు లేకుండానే మీరు నలుగురూ వెళ్లి రావచ్చు. భోజనశాలలో నేల మీద కూర్చోవలసి వస్తుందేమో, కుర్చీలు ఇస్తారేమో మాత్రం సీటు ఖాయం చేసుకునేటప్పుడే అడిగించండి. ఆకుల కాలంలో ఆ ప్రాంతమంతా జనంతో కిటకిటలాడుతుంది కనుక ఈ పని వాయిదా వేయడానికి లేదు.

మీ భర్త సంగతి మరచిపోలేదు. రోజంతా మఠం భోజనమే అంటే ఆయన ముఖం చిన్నబోతుంది, అది ఆయన పండుగ కూడా. అందుకే నిషికి బజారును సాయంత్రానికి ఉంచమంటున్నాను. అది సుమారు 390 మీటర్ల పొడవున్న ఇరుకు వీధి, పైన రంగుల కప్పు, ఇరువైపులా నూరుకు పైగా దుకాణాలు. ఆయన చూసి తినడానికి పుల్లకు గుచ్చిన కాల్చిన చేపలున్నాయి, తలలో పిట్టగుడ్డు కూరిన చిన్న ఆక్టోపస్ కూడా ఉంది. ఎర్రగా నిగనిగలాడుతూ వరసగా పేర్చి ఉండే ఆ ఆక్టోపస్‌లు మీకు ఎదురుపడతాయని ముందే చెబుతున్నాను, హఠాత్తుగా చూస్తే కడుపులో తిప్పినట్టవుతుంది. మీకు అక్కడ వేడివేడి కాల్చిన చెస్ట్‌నట్ గింజలు, వేయించిన సోయాపిండి చల్లిన వరాబి మోచి అనే మెత్తని మిఠాయి, దాల్చినచెక్క వాసన వేసే యత్సుహషి అనే బియ్యప్పిండి మిఠాయి, ఉజి పచ్చని టీ దొరుకుతాయి. ఊరగాయల దుకాణాలు చూడకుండా రాకండి. వంకాయను ఎర్రని షిసో ఆకుతో ఉప్పులో ఊరబెట్టిన షిబాజుకె ఊదారంగులో ఉంటుంది, మన గోంగూర పులుపు అలవాటైన నాలుక దాన్ని వెంటనే పోల్చుకుంటుంది. కొన్ని ఊరగాయల్లో చేప రుచి కలుపుతారు కనుక గైడును అడిగే తీసుకోండి. కొన్నది ఆ దుకాణం ముందే నిలబడి తినాలి. నడుస్తూ తినవద్దని ఆ బజారువారే కోరుతారు.

ఆయన మధుమేహం గురించి ఒక్క మాట. కైసెకి అయినా షోజిన్ అయినా నెమ్మదిగా సాగే భోజనాలు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీ వైద్యుణ్ణి ముందే అడిగి ఉంచండి, సంచిలో బిస్కట్లు ఉంచండి.

రెండో దారి, కోడలు వేసిన ప్రణాళికను అలాగే ఉంచి, మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం రెండుగా విడిపోవడం. తండ్రీకొడుకులు కైసెకికి వెళతారు, మీరూ కోడలూ మీకు తగిన శాకాహార భోజనశాలకు వెళతారు, రెండు గంటల తరువాత మళ్లీ కలుస్తారు. ఇందులో ఎవరి ఇష్టమూ చంపుకోనక్కరలేదు. మీరిద్దరే కూర్చుని మాట్లాడుకునే గంట కూడా దొరుకుతుంది. అత్తాకోడళ్లకు అటువంటి గంట ఇంట్లో దొరకదు. అయితే గైడు ఒక్కరే కనుక ఎవరో ఒకరు సాయం లేకుండా వెళ్లవలసి ఉంటుంది. మామగారితో కలిసి విందు చేయాలన్నది మీ కోడలి మనసులోని అసలు కోరికైతే ఆమెకు వెలితిగా ఉంటుంది. ఆ సంగతి ఆమెను అడిగితేనే తెలుస్తుంది. మీరు తోఫు భోజనం ఎంచుకుంటే ఒక జాగ్రత్త అవసరం. క్యోటోలో పేరున్న యుదోఫు, అంటే వేడినీళ్లలో కొంబుతో కాచిన తోఫు, దానంతట అది శాకాహారమే గాని, ముంచుకోవడానికి ఇచ్చే సాసులో చాలా చోట్ల చేప దాషి ఉంటుంది. ఉత్త సోయా సాసు ఇమ్మని ముందే చెప్పించాలి.

ఈ దారిలో వెళితే మోకాళ్ల విషయం గట్టిగా ఆలోచించాలి. ఫుషిమి ఇనారి కొండ ఎత్తు 233 మీటర్లు. శిఖరం దాకా వెళ్లి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది, మీకు అది అక్కరలేదు. అడుగు భాగంలోనే ఎర్రని తోరణాలు ఒకదానికొకటి ఆనుకున్నట్టు నిలిచిన వరస ఉంది, అంతవరకు నడిచి వెనక్కి రావచ్చు. ఆ ఆలయం 711లో వెలసిందని చెబుతారు, అక్కడి దేవత వరిపంటకు అధిదేవత. ఆవరణలో కాపలా ఉన్న నక్కల విగ్రహాల నోళ్లను దగ్గరగా చూడండి, వాటిలో వరికంకుల కట్ట కరుచుకున్నవి కూడా ఉంటాయి. కోనసీమ చేలు చూసిన మీకు ఆ కట్ట ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. కియోమిజు మాత్రం నేను మీకు సిఫారసు చేయను. 1633లో కట్టిన ఆ చెక్క వేదిక గొప్పదే, పదమూడు మీటర్ల ఎత్తున కొండ అంచు మీద నిలిచి ఉంటుంది. కానీ అక్కడికి చేరడమంటే రాళ్లు పరిచిన ఏటవాలు వీధులు, మెట్లు, నవంబరులో భుజం భుజం రాసుకునే జనం. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఎక్కడం కన్నా దిగడమే కష్టమని మీకు నేను చెప్పాలా!

దాని బదులు సంజూసంగెన్‌దో అడగండి. ఇది ఏ దారి ఎంచుకున్నా అడగవలసిన చోటని నా అభిప్రాయం. 1266లో తిరిగి కట్టిన ఆ మండపం సుమారు 120 మీటర్ల పొడవున చదునుగా ఉంటుంది, చెప్పులు విడిచి నెమ్మదిగా నడుస్తూ చూడవచ్చు. మధ్యలో కూర్చున్న పెద్ద కన్నన్ మూర్తి, అంటే మన అవలోకితేశ్వరుడే. అటు ఐదు వందలు, ఇటు ఐదు వందలు నిలుచున్న మూర్తులు, చెక్కతో చేసి బంగారు పూత పూసినవి, వరస వెనుక వరసగా ఉంటాయి. వాటి ముందు ఇరవై ఎనిమిది మంది రక్షక దేవతలున్నారు. తెలుగు పాఠాలు చెప్పిన మీరు అక్కడ గైడు కన్నా ముందే కొందరిని గుర్తుపడతారు. కరురా అంటే గరుడుడు. పక్షి ముక్కు, రెక్కలు, పెదవుల దగ్గర వేణువు. వేణువు ఊదే గరుత్మంతుణ్ణి మీరు మన దేశంలో చూసి ఉండరు. తైషకుతెన్ ఇంద్రుడు, బోన్‌తెన్ బ్రహ్మ. డొక్కలెండి, ఎముకలు తేలిన ఒక ముసలి తాపసి పేరు బసు సెన్నిన్, వసు మహర్షి. లోపల ఫొటోలు తీయనివ్వరు కనుక ఎవరూ ఫోను పట్టుకుని తొందర పెట్టరు. నవంబరు మధ్య నుంచి శీతకాలపు వేళలు అమల్లోకి వస్తాయి, త్వరగా మూసేస్తారు కనుక మధ్యాహ్నం భోజనం కాగానే వెళ్లాలి.

గైడు ఇంగ్లీషు మీకు సరిగా అందదేమో, అంతా కొడుకు ద్వారా మూడో నోట వినవలసి వస్తుందేమో అని కూడా రాశారు. ఈ మూర్తుల ముందు ఆ లోటు ఉండదని నా నమ్మకం. మరొక ఊతం కూడా ఇస్తాను. క్యోటో స్టేషనుకు పది నిమిషాల నడకలో హిగషి హొంగన్‌జి అనే విశాలమైన ఆలయం ఉంది, ప్రవేశం ఉచితం. ఆ సంప్రదాయంలో ఏడుగురు ఆచార్యులను పూజిస్తారు, వారిలో మొదటివాడి పేరు ర్యూజు. అంటే నాగార్జునుడు. మన కృష్ణ ఒడ్డున కొండకు ఎవరి పేరు నిలిచిందో ఆయనే. ఆ ఆలయం కాలిపోయాక 1895లో పూర్తయిన పునర్నిర్మాణంలో పెద్ద పెద్ద దూలాలు ఎత్తడానికి మామూలు తాళ్లు ఆగకపోతే, భక్తురాళ్లు తమ జుట్టు కత్తిరించి ఇచ్చారు. ఆ జుట్టుతో పేనిన తాడు ఒకటి అక్కడ ప్రదర్శనలో ఉంది. తిరుమల కల్యాణకట్ట తెలిసినవారికి ఆ తాడు ముందు నిలబడినప్పుడు కలిగే భావం వేరు.

గైడును ఎలా ఎంచుకున్నారో మీ ఉత్తరంలో లేదు. జపాన్‌లో ప్రభుత్వ పరీక్ష నెగ్గిన గైడులకు ప్రత్యేకమైన హోదా ఉంది. 2018 జనవరి నుంచి ఆ పరీక్ష లేనివారు కూడా డబ్బు తీసుకుని ఆ పని చేయవచ్చు. లేనివారంతా తక్కువవారని కాదు. భోజనశాలలతో జపనీసులో మాట్లాడి నియమాలు చెప్పిన అనుభవం ఉందా అని అడగడం మాత్రం మీకు అవసరం.

మూడో దారి, మధ్యాహ్నం వరకు అందరితో తిరిగి, భోజనానికి ముందే మీరు వెనక్కి వచ్చేయడం. ఒసాకా వేగపు రైల్లో అరగంటే. మీకు అలసట తగ్గుతుంది గాని, కొడుకో కోడలో ఎవరో ఒకరు మిమ్మల్ని దింపడానికి రావాలి, దాంతో వారి రోజు కూడా సగమవుతుంది.

నాలుగోది ఇంట్లో ఉండిపోవడం. మర్యాదేనా అని అడిగారు. ఉన్నమాట చెప్పి, "నాకు ఓపిక లేదమ్మా, మీ మామగారిని తీసుకెళ్లండి" అంటే అది మర్యాదే, ఎవరూ తప్పుపట్టరు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెబితే మాత్రం మీ భర్త ఆ రోజంతా మీకు ఫోన్లు చేస్తూ గడుపుతారు, కోడలు మిమ్మల్ని వదిలి వెళ్లలేక ఏర్పాటే రద్దు చేయవచ్చు.

ఇక ఆ పులిహోర డబ్బా. మీ అబ్బాయి అన్న మాటలో వెటకారం ఉందో, చిన్నప్పటి నుంచి రైలు ప్రయాణాల్లో ఆ డబ్బా తిన్న మమకారం ఉందో, గోడ అవతల నుంచి విన్న ఒక్క వాక్యాన్ని బట్టి మీరూ నేనూ తేల్చలేం. మీకు నొప్పి కలిగింది, అది నిజం. దాన్ని అతనికి విడిగా, ఒక పూట, "ఆ మాట నాకు గుచ్చుకుంది నాన్నా" అని చెప్పండి. ఈ ప్రయాణం మాటల్లో దాన్ని కలపకండి. కోడలితో జరగవలసిన సంభాషణ వేరు, అది ముందు జరగాలి, కొడుకు ద్వారా కాకుండా మీరే చేయాలి. "అమ్మాయీ, మీ మామగారి కోసం ఎంత ముచ్చటపడి చేశావో చూస్తున్నాను. ఆ రోజు నేనూ సంతోషంగా ఉండాలంటే రెండు విషయాలు ముందే సర్దాలి, నువ్వూ నేనూ కూర్చుని చూద్దామా?" అంటే చాలు. ఆమె ఆ రోజును తయారు చేసిన మనిషి. మార్పు కూడా తన చేతుల మీదుగానే జరిగితే అది ఆమె కానుకగానే మిగులుతుంది.

డబ్బా తీసుకెళ్లడంలో తప్పు లేదు, చోటు మాత్రం చూసుకోవాలి. భోజనశాలలో బయటి తిండి విప్పకూడదు. ఊళ్లో తిరిగే మామూలు రైళ్లలో తినరు. కమో నది గట్టు మీద బల్లలు ఉన్నాయి గాని, అక్కడ గద్దలు పై నుంచి వచ్చి చేతిలోది తన్నుకుపోతాయి, ఆ హెచ్చరిక పలకలు కూడా ఉంటాయి. చెత్తబుట్టలు అరుదు కనుక ఖాళీ డబ్బా, కాగితాలు మీ సంచిలోనే తిరిగి రావాలి.

చివరిగా మీ సోమవారం ఆలోచన. మీరు ఎటూ కార్తీక సోమవారాలు ఉండేవారైతే ఉపవాసమన్న మాట అబద్ధం కాదు. కానీ తప్పించుకోవడానికి దాన్ని అడ్డం పెట్టుకుంటే ఆ సంగతి మీకు తెలుస్తూనే ఉంటుంది, చలిలో ఎనిమిది గంటలు ఖాళీ కడుపుతో నడవడం 64 ఏళ్ల శరీరానికి మంచిది కూడా కాదు. పైగా ఉల్లి వెల్లుల్లి లేని ఆ మఠం భోజనం, మీ నియమానికి అంతగా సరిపడేది, ఎదురుగా ఉండగా వదులుకోవలసి వస్తుంది. సోమవారం మీ నక్తం మీరు ఒసాకా ఇంట్లోనే ఉండండి. ఆ రోజుల్లో అక్కడ ఐదు గంటలలోపే పొద్దు కుంకుతుంది, నక్షత్రం కోసం మన ఊళ్లోలా అంతసేపు చూడనక్కరలేదు. క్యోటోకు మంగళవారమో, గురువారమో, శుక్రవారమో పెట్టించండి. నిషికిలో బుధవారం, ఆదివారం సెలవు పాటించే దుకాణాలు చాలా ఉన్నాయి. తేదీ మార్చడానికి ఇంకా ఎన్ని రోజుల గడువుందో ఈ రాత్రే కోడలిని అడిగి, ఆ పట్టిక రాయడం మొదలుపెట్టండి.